ఒకే ప్రహరీలో మూడు రకాల ట్యాంకులు

తిరువళ్లూరు జిల్లా ఆవడిలోని హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ భారత సైన్యానికి యుద్ధ ట్యాంకులు తయారుచేసే కర్మాగారం. అరక్కోణం నుంచి తిరువాలంగాడు, తిరువళ్లూరు మీదుగా చెన్నై వెళ్లే రైలు దారిలోనే ఆవడి ఉంది. ఫ్యాక్టరీ 1961లో వెలిసింది.

మొదటి రోజుల్లో లెక్క తేలిక. బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీ డిజైన్‌తో తొలి విజయంత ట్యాంకు 1965 డిసెంబరులో బయటికొచ్చింది. 105 మిల్లీమీటర్ల ఫిరంగి, లేలాండ్ ఇంజను. ఇరవై ఏళ్ల దాకా తయారీలో ప్రధానమైన బండి ఇదొక్కటే. ఏ పని తర్వాత ఏ పని అన్నది ఒకసారి కుదిరితే చాలు, మిగతాదంతా అలవాటే.

పనుల వరుసను గీసి చూపే పెర్ట్, సీపీఎం పద్ధతులు అమెరికాలో 1957, 58లలో పుట్టాయి. అవి మొదట ఒక్క ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకున్నవి. కావలసిన మిషను, మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారన్నట్టే లెక్క వేస్తాయి. ఒకే మిషను కోసం రెండు ప్రాజెక్టులు క్యూ కడితే ఏం చేయాలో తొలినాళ్ల ఆ పటాలు చెప్పలేదు. ఆవడికి అసలు చిక్కు అక్కడే వచ్చింది.

సొంత ట్యాంకు తయారీకి 1974లో అనుమతి దొరికింది. అదే అర్జున్. దాని డిజైన్ బాధ్యత ఆవడిలోనే ఉన్న రక్షణ పరిశోధన సంస్థ సీవీఆర్‌డీఈది. అర్జున్ ఇంకా నమూనాల దశలో ఉండగానే 1980ల చివర్లో సోవియట్ లైసెన్సుతో టి-72 తయారీ మొదలైంది. దీనికి అజేయ అని పేరు పెట్టారు. 2001లో 310 టి-90లకు రష్యాతో ఒప్పందం కుదిరింది. వాటిలో 124 పూర్తి బండ్లుగా వస్తాయి, 186 ఇక్కడ బిగించాలి. పూర్తిగా ఆవడిలో తయారైన తొలి టి-90లు 2009 ఆగస్టులో సైన్యానికి అందాయి. అప్పటికి అర్జున్ తయారీ కూడా సాగుతోంది, పాత టి-72ల ఓవర్‌హాలింగ్ పని కూడా ఉంది.

ఈ బండ్ల మధ్య చుట్టరికం తక్కువ. అర్జున్ బరువు 58 టన్నుల పైన, టి-90ది 46 టన్నుల చిల్లర. ఒకదానిలో నలుగురు కూర్చుంటారు, గుండును చేత్తో ఎక్కిస్తారు. రెండోదానిలో ముగ్గురే, ఆ పని యంత్రానిది. ఫిరంగులు 120, 125 మిల్లీమీటర్లవి. తేడా ఐదు మిల్లీమీటర్లే, కానీ మొదటిదాని గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి, రెండోదానిది నున్నన.

ట్యాంకు తయారీలో ఫిరంగి ఉండే టరెట్ తిరిగే వలయాకారపు ఆసనాన్ని బండి కింది ఒడలైన హల్ మీద కోయడం చూస్తే ఈ తేడాల ఖరీదు తెలుస్తుంది. ఆ పని పెద్ద బోరింగ్ మిషను మీదే సాగాలి. ఒక రకం హల్ దించి మరో రకం ఎక్కించాలంటే దాన్ని పట్టి ఉంచే ఫిక్స్చర్ మార్చాలి, మట్టం సరిచూడాలి, కట్టర్లు మార్చాలి. ఆ సేపంతా మిషను మీద పిసరంత ఇనుము కూడా తెగదు. అందుకే ఒకే రకం బండ్లను వరసగా గుంపుగా చేసుకోవడం లాభం. సైన్యానికి మాత్రం అన్నీ ఒకేసారి కావాలి.

సరుకు వచ్చే దారులూ వేరే. అర్జున్ కంచన్ కవచాన్ని రూపొందించింది హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్, ఇంజను జర్మనీది. టి-90 సాంకేతికత రష్యాది. ఒకదాని సరుకు ఆగినా రెండోదాని పని ఆగకూడదంటే విడిభాగాలనూ మనుషులనూ దేనికదే విడదీయాలి. అలా విడదీస్తే ఆర్డర్లు లేని రోజున ఒక వైపు చేతులు ఖాళీ. సొంత డిజైనుకే ఆ దెబ్బ గట్టిగా తగిలింది. 2000లో 124 అర్జున్‌లకు ఆర్డరు వచ్చింది. 118 అర్జున్ మార్క్ 1ఏలకు ఆర్డరు 2021 సెప్టెంబరు 23న గాని రాలేదు. రకాలు ఎక్కువ కావడం కన్నా ఆర్డర్ల మధ్య ఈ ఇరవై ఏళ్ల ఎడమే ఫ్యాక్టరీకి పెద్ద బరువు.

ఆ తర్వాత వారానికే, 2021 అక్టోబరు 1న, అప్పటిదాకా ఈ ఫ్యాక్టరీని నడిపిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయింది. ఆవడి కర్మాగారం, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీతో సహా, ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే కొత్త ప్రభుత్వ కంపెనీ కిందికి వెళ్లింది. దాని ప్రధాన కార్యాలయం ఆవడిలోనే ఉంది.