విజయవాడ రేడియో కార్యక్రమ స్వరూపంలో మార్పులు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రను చెప్పేటప్పుడు పత్రికలకు, నాటక సమాజాలకు, సినిమాకు లభించిన ప్రాధాన్యం రేడియోకు లభించలేదు. లలితగీతం, శ్రవ్యనాటిక, సంగీత రూపకం, రేడియో ప్రసంగం వంటి ప్రక్రియలను రచయితల కృషిగా పేర్కొనడం పరిపాటి. ఆ రచనలను కోరిన సంస్థ ఏ నియమాలకు లోబడి పనిచేసిందో, ఆ నియమాలు మారినప్పుడు ప్రక్రియలు ఏమయ్యాయో విచారించడం తక్కువ. ఈ దృష్టితో చూస్తే విజయవాడ ఆకాశవాణి కేంద్రం చరిత్ర కేవలం ఒక ప్రసార సంస్థ చరిత్ర కాదు; అది ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధపు తెలుగు సాహిత్య, సంగీత చరిత్రలో ఒక భాగం.

ఏ వేళకు ఏ పాట, ఎంతసేపు మాట, ఎవరి గొంతు, ఏ భాష అన్న నిర్ణయాల మొత్తాన్ని ఈ వ్యాసంలో ‘కార్యక్రమ స్వరూపం’ అని వ్యవహరించడం జరిగింది. విజయవాడలో ఈ స్వరూపం స్థూలంగా మూడు దశల్లో మారింది. వాటిని నిర్ణయించిన అధికారం మొదట సంస్థది, తరువాత కొంతమేరకు శ్రోతది, ఆపైన ప్రకటనల విపణిది. ఈ క్రమంలో జరిగిన ప్రధానమైన మార్పు శాస్త్రీయ సంగీతం తగ్గి సినిమా పాట పెరగడం కాదని, పాటను, రచనను పుట్టించే సంస్థగా ఉన్న రేడియో, బయట పుట్టిన పాటను ఎంపిక చేసే సంస్థగా మారడమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కేంద్ర స్థాపన – పూర్వరంగం

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. ఆ కేంద్రం తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలను కూడా ప్రసారం చేసేది. నిజాం రాజ్యంలో హైదరాబాదు నుంచి దక్కన్ రేడియో వేరుగా పనిచేసేది. 1950లో గాని అది ఆలిండియా రేడియోలో చేరలేదు. ఈ మధ్యకాలంలో, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం ప్రసారాలు ఆరంభించింది. తెలుగు నేలపై ఆలిండియా రేడియో స్వయంగా నెలకొల్పిన తొలి కేంద్రం ఇదే. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న అవతరించింది. అంటే భాషాప్రాతిపదికన రాష్ట్రం ఏర్పడడానికి దాదాపు అయిదేళ్ల ముందే, పొరుగు భాషతో వేళలు పంచుకోనవసరం లేని తెలుగు ప్రసార కేంద్రం ఒకటి ఏర్పడిందన్న మాట.

స్థలం ఎంపిక కూడా గమనించదగినది. విజయవాడ పెద్ద రైలు కూడలి. కృష్ణా డెల్టా కాలువల కింద స్థిరపడిన వ్యవసాయ సంపద, తెనాలి, మచిలీపట్నం, మైలవరం వంటి చోట్ల పాతుకున్న నాటక సంప్రదాయం, త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన సంగీత గురుకులాలు ఆ చుట్టుపక్కలనే ఉన్నాయి. మరోవైపు తెలుగు సినిమా పంపిణీ వ్యాపారానికి కూడా ఆ నగరమే ముఖ్య స్థానం. ఒకే ఊళ్లో ఒక వీధిలో సినిమా రీళ్ల పెట్టెలు ఊరూరికీ బయలుదేరుతూ ఉంటే, మరొక వీధిలో సినిమా పాటను మితంగా వాడాలన్న నియమంతో రేడియో నడిచింది. విజయవాడ కేంద్రం కార్యక్రమాలు రూపుదిద్దుకున్నది ఈ వైరుధ్యం మధ్యనే.

నిషేధాల మధ్య రూపొందిన ప్రక్రియలు

రేడియో విధానాల్లో తెలుగు నాటకాన్ని నేరుగా తాకినది హార్మోనియం నిషేధం. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో ఆ వాద్యాన్ని బహిష్కరించింది. గమకాలను పలికించలేని విదేశీ వాద్యమన్నది ప్రధానమైన ఆక్షేపణ. 1970ల ఆరంభంలో గాని ఈ కట్టడి సడలలేదు. తెలుగు రంగస్థల పద్యానికి హార్మోనియం కేవలం ప్రక్కవాద్యం కాదు. నటుడికి శ్రుతిని అందించేది, రాగాన్ని ఎత్తి ఇచ్చేది, పద్యం చివర ఆలాపనకు ఊపిరి పోసేది అదే. ఆ తోడు లేకుండా పద్యాన్ని వినిపించవలసి వచ్చినప్పుడు మైకు ముందు గొంతు తగ్గింది, ఆలాపన కుదించుకుపోయింది, పద్యంలోని మాటకు ప్రాధాన్యం పెరిగింది. రేడియో పద్యపఠనానికి, రంగస్థల పద్యానికి మధ్య నేటికీ వినిపించే తేడాకు మైకు స్వభావంతో పాటు ఈ నిషేధం కూడా ఒక కారణంగా భావించవచ్చు.

రెండవది సినిమా పాటపై నియంత్రణ. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి అగ్రస్థానం ఇవ్వాలని, సినిమా సంగీతాన్ని కట్టడి చేయాలని నిశ్చయించారు. పాటతో పాటు సినిమా పేరు చెప్పడం వ్యాపార ప్రచారమవుతుందన్న వాదం వచ్చింది. నిర్మాతలు తమ పాటల ప్రసారానికి ఇచ్చిన అనుమతులను ఉపసంహరించుకున్నారు. దానితో ఆలిండియా రేడియోలో సినిమా పాట కొంతకాలం దాదాపు వినిపించకుండా పోయింది. అదే ఏడాది జులైలో జాతీయ సంగీత కార్యక్రమం మొదలైంది. సినిమా పాటకు ప్రత్యామ్నాయంగా సుగమ సంగీత రచనను ప్రోత్సహించే ఏర్పాట్లు జరిగాయి.

ఢిల్లీలో తీసుకున్న ఈ నిర్ణయం తెలుగులో ఫలించిన తీరు విశిష్టమైనది. తెలుగులో అప్పటికే భావకవిత్వ యుగపు గేయసంపద ఉంది. మద్రాసు కేంద్రంలో 1941 నుంచి పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు స్వయంగా కవి, గాయకుడు, స్వరకర్త. ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. వాగ్గేయకారుల చరిత్ర రాసిన వ్యక్తే రేడియో కార్యక్రమాల రూపకల్పనలో ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. దాని ఫలితం మాత్రం యాదృచ్ఛికం కాదు. శాస్త్రీయ కృతికీ సినిమా పాటకూ నడుమ, కవిత్వపు విలువను వదులుకోని, అయిదారు నిమిషాల వ్యవధికి ఒదిగే లలితగీతం స్థిరపడింది. రేడియో వేళల పట్టికలో ఏర్పడిన ఖాళీయే ఒక సాహిత్య ప్రక్రియ ఎదుగుదలకు అవకాశమైంది.

కేంద్రం నిర్మించిన వినికిడి సంప్రదాయం

తొలి మూడు దశాబ్దాల్లో విజయవాడ కేంద్రం బలం దాని నిలయ విద్వాంసులు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, మల్లిక్, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి, మార్దంగికుడు దండమూడి రామమోహనరావు వంటివారు వేర్వేరు కాలాల్లో ఆ కేంద్రంతో అనుబంధం ఉన్నవారే. కచేరీకి వచ్చి వెళ్లే విద్వాంసునికీ, నెలజీతంపై నిత్యం స్టూడియోలో ఉండే విద్వాంసునికీ తేడా ఉంది. రెండవవాని వల్లనే కేంద్రానికి కొత్త రచనను బాణీ కట్టించుకుని, అభ్యాసం చేయించి, నాణ్యంగా రికార్డు చేసే వీలు కలిగింది. పూర్వం సంస్థానాలు నిర్వహించిన పోషణను, వేరొక రూపంలో, ప్రజాధనంతో రేడియో నిర్వహించింది.

ఈ పోషణకు ప్రతినిధి ‘భక్తిరంజని’. ఉదయపు వేళలో తత్త్వాలు, స్తోత్రాలు, సంకీర్తనలు, అష్టకాలు ఒకే కార్యక్రమంలో చేరాయి. అంతవరకు భజన మందిరంలోనో, ఇంటి ముంగిట తంబూరతో వచ్చే గాయకుని నోటనో, ఇంటి ఆడవాళ్ల పాటల్లోనో విడివిడిగా ఉన్న సంప్రదాయాలు ఒక క్రమానికి, ఒక శ్రుతికి లోబడ్డాయి. ఈ క్రమబద్ధీకరణ వల్ల అన్నమాచార్య, రామదాసాదుల రచనలు, తత్త్వకవుల గీతాలు సంగీతశిక్షణ లేని ఇళ్లకు చేరాయి. అదే సమయంలో ఒక పాటకు ఊరికొక తీరుగా ఉన్న బాణీల్లో రేడియో బాణీయే ప్రామాణికమై, తక్కినవి వెనుకపడ్డాయి. భక్తిరంజని సాధించిన మేలుతో పాటు ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సంగీతంలో జరిగినదే మాటలోనూ జరిగింది. 1970ల్లో ఉషశ్రీ చేసిన రామాయణ, భారత ఉపన్యాసాలు, ‘ధర్మసందేహాలు’ శీర్షిక పురాణ ప్రవచనాన్ని రేడియోకు తగినట్లు మలిచాయి. ఎదుట సభ లేకుండా, నిర్ణీత వ్యవధిలో, సూటిగా సాగే ప్రవచనం అది. ‘ధర్మసందేహాలు’ శ్రోతల ఉత్తరాలపై ఆధారపడింది. అందువల్ల శ్రోత ప్రశ్న కార్యక్రమంలో భాగమైంది. నండూరి సుబ్బారావు వంటి నటుల గొంతులు శ్రవ్యనాటికకు వేదికకు భిన్నమైన సంభాషణా శైలిని సమకూర్చాయి. వ్యవసాయ కార్యక్రమాలు విత్తనం, ఎరువు, తెగుళ్ల గురించి రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పవలసిన అవసరాన్ని తెచ్చాయి.

శ్రోత కోరిక – వివిధభారతి

సినిమా పాటపై నియంత్రణ శ్రోతల అభిరుచిని మార్చలేదు. వారిని వేరొక కేంద్రానికి తరలించింది. రేడియో సిలోన్ హిందీ పాటలతో పాటు తెలుగు సినిమా పాటలను కూడా వినిపించేది. అక్కడి తెలుగు వ్యాఖ్యాత మీనాక్షీ పొన్నుదురై గొంతు తెలుగు ఇళ్లకు సుపరిచితమైంది. తమ భాషలోని పాటను తమ ఊరి కేంద్రంలో కాక సముద్రం అవతల నుంచి వినవలసి రావడం ఆనాటి విధానపు వైఫల్యానికి తగిన నిదర్శనం.

1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభం కావడానికి ఈ పోటీ ఒక ముఖ్య కారణం. 1967 నవంబరులో బొంబాయి, పూనా, నాగపూర్‌లలో వాణిజ్య ప్రసారాలు మొదలై క్రమంగా ఇతర నగరాలకు విస్తరించాయి. తెలుగు వివిధభారతి ప్రసారాలతో ‘జనరంజని’, ‘సంక్షిప్త శబ్దచిత్రం’ వంటి శీర్షికలు జనాదరణ పొందాయి. పాట కోరిన వారి పేర్లను, ఊళ్ల పేర్లను వరుసగా చదవడం జనరంజని పద్ధతి. అంతవరకు రచయిత, గాయకుడు, పండితుడు మాత్రమే పేరుతో వినిపించిన రేడియోలో పల్లెటూరి శ్రోత పేరు వినిపించడం చిన్న మార్పు కాదు. ట్రాన్సిస్టర్ వ్యాప్తితో రేడియో నట్టింటి నుంచి పొలం గట్టుకు, కిళ్లీకొట్టుకు, క్షౌరశాలకు చేరింది.

అయితే ఈ దశలో సినిమా పాట సంస్థ సొంత సృష్టిని తొలగించలేదు. ప్రధాన కేంద్రం, వివిధభారతి వేర్వేరు దారుల్లో ఏకకాలంలో నడిచాయి. శాస్త్రీయ, లలిత సంగీతాలకు నిలయ విద్వాంసులు, సినిమా పాటకు రికార్డుల గది అన్న విభజన ఏర్పడింది. శ్రోత రెండింటినీ వినగలిగాడు. విజయవాడ రేడియో చరిత్రలో సమతూకం కుదిరిన కాలం ఇదే.

ఎఫ్.ఎం. యుగం – ఎంపికే కార్యక్రమం

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1997లో ప్రసారభారతి ఏర్పాటు, 2005లో ప్రకటించిన రెండవ దశ ఎఫ్.ఎం. విధానం మూడవ దశకు దారి వేశాయి. ఆ విధానం తరువాత విజయవాడలో 98.3లో రేడియో మిర్చి, 93.5లో మొదట ఎస్ ఎఫ్.ఎం.గా, తరువాత రెడ్ ఎఫ్.ఎం.గా వ్యవహరించిన కేంద్రం వచ్చాయి. ఆకాశవాణి సైతం 102.2లో ‘రెయిన్‌బో కృష్ణవేణి’ పేరుతో ఎఫ్.ఎం. ప్రసారాలు చేపట్టింది. ఆ పేరే పరిణామాన్ని సూచిస్తుంది: డెల్టాకు ప్రాణాధారమైన నది పేరు ముందు దేశవ్యాప్త ఎఫ్.ఎం. ముద్ర చేరింది.

ప్రైవేటు ఎఫ్.ఎం. స్వరూపాన్ని కేవలం యాజమాన్యపు అభిరుచిగా చూడడం పొరపాటు. రెండవ దశ విధానంలో వార్తలకు, వర్తమాన వ్యవహారాలకు అనుమతి లేదు. 2011 నాటి మూడవ దశ విధానం కూడా ఆకాశవాణి వార్తలను యథాతథంగా ప్రసారం చేయడానికే అవకాశం ఇచ్చింది. ఆదాయం ప్రకటనల నుంచే రావాలి. 2010లో కాపీరైట్ బోర్డు సంగీతపు రాయల్టీని నికర ప్రకటనల ఆదాయంలో రెండు శాతంగా నిర్ణయించింది. ఈ పరిస్థితుల్లో కొత్త గేయాన్ని రాయించి, బాణీ కట్టించి, వాద్యబృందంతో రికార్డు చేయడం కంటే విడుదలైన సినిమా పాటను పదేపదే వినిపించడం ఎంతో చౌక. తొలి దశలో నిషేధం ఖాళీని సృష్టించి కొత్త ప్రక్రియకు చోటిచ్చింది; మూడవ దశలో చౌకగా దొరికే సమృద్ధి ఆ ఖాళీని లేకుండా చేసింది.

భాష విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. తొలి దశలో కోస్తా జిల్లాల శిష్టవ్యావహారికం రేడియో ప్రమాణభాషగా స్థిరపడింది. ఉచ్చారణ స్పష్టత, వాక్యం పూర్తి కావడం దాని గుణాలు. ఇతర మాండలికాలకు హాస్యపాత్రలో తప్ప తగినంత చోటు లేకపోవడం దాని దోషం. ఎఫ్.ఎం. వ్యాఖ్యాత శ్రోతను ‘నువ్వు’ అని పలకరించే చనువును, నగర యువత మాట్లాడే ఇంగ్లీషు కలిసిన తెలుగును తెచ్చాడు. ముందుగా రాసుకున్న ప్రతి స్థానాన్ని ఆశువు ఆక్రమించింది. దీనిని భాషాపతనంగా తోసిపుచ్చడం సులభం. కాని ఆశువుగా మాట్లాడడం తెలుగులో అవధానం దాకా విస్తరించిన గౌరవప్రదమైన విద్య. ఇక్కడ లోపించినది ఆశువు కాదు, ఆశువుకు వస్తువు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: తొలి దశను స్వర్ణయుగంగా కీర్తించేటప్పుడు, అది శ్రోత ఇష్టాన్ని కాదని నడిచిన యుగమని మరువరాదు. రెండు: సినిమా పాట రాకతో రేడియో సృజన ఆగిపోలేదు, వివిధభారతి కాలంలో రెండూ కలిసి మనగలిగాయి. మూడు: సృజన సన్నగిల్లడానికి కారణం అభిరుచి మార్పు కంటే పోషణ విధానంలో మార్పు. నిలయ విద్వాంసుడు, నిలయ రచయిత లేని కేంద్రం ఎంత మంచి అభిరుచి ఉన్నప్పటికీ ఎంపిక మాత్రమే చేయగలదు.

సాహిత్య పరిశోధనకు దీనివల్ల ఏర్పడే కర్తవ్యం స్పష్టమైనది. టేపును చెరిపి తిరిగి వాడుకోవడం రేడియో కేంద్రాల్లో ఒకప్పుడు సాధారణ పద్ధతి కావడం వల్ల, ప్రసారమైన దానిలో నిలిచినది కొంతే. మిగిలిన ధ్వనిముద్రికలతో పాటు ప్రసార ప్రతులు, వేళల పట్టికలు, శ్రోతల ఉత్తరాలు కూడా సాహిత్య ఆధారాలే. లలితగీతానికి పాఠం అచ్చులో దొరకవచ్చు; దాని బాణీ, పలుకుబడి, అది వినిపించిన వేళ అచ్చులో దొరకవు. వాటిని కలిపి చదివినప్పుడే విజయవాడ రేడియో తెలుగుకు ఏమి ఇచ్చిందో, ఏమి ఇవ్వడం మానుకుందో సరిగా నిర్ణయించగలం.