కోడిపుంజు పెట్టిన గుడ్డు

1474లో, నేటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, ఒక కోడిపుంజుకు మరణశిక్ష పడింది. చేసిన నేరం గుడ్డు పెట్టడం. గుడ్డుతో సహా దాన్ని జనం ముందు కట్టెల మీద కాల్చేశారు. పుంజు పెట్టిన గుడ్డులోంచి చూపుతోనే మనిషిని చంపే పాములాంటి జీవి పుడుతుందని ఆనాటి ఐరోపా భయం. నవ్వుకునే ముందు ఒక్కమాట: పెట్ట కూస్తే అరిష్టమని దాన్ని ఆ పూటే కూర వండేసిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి.

ఇంతకీ ఆ గుడ్డు ఎవరిది? ఈ చిక్కుముడికి కొస దొరకడానికి రెండు వందల ఏళ్లు దాటింది.

మొదటి ఆనవాలు: సొన లేని గుడ్డు. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో లా పెరోనీ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. తర్వాతి కాలంలో పదిహేనో లూయీ రాజుకు ప్రధాన శస్త్రవైద్యుడైంది ఆయనే. ఒక రైతు ఆయన దగ్గరికి కొన్ని చిన్న గుడ్లు తెచ్చి, ఇవి మా పుంజు పెట్టినవే అన్నాడు. పావురం గుడ్డు కంటే కాస్త పెద్దవి. పగలగొడితే పచ్చసొన లేదు. దాని చోట చుట్ట చుట్టుకున్న పాములాంటిదేదో ఉంది.

రెండో ఆనవాలు: పుంజు పొట్ట. పుంజును కోసి చూశారు. గుడ్డు తయారయ్యే అవయవం ఒక్కటీ లేదు. అనుమానం పెట్టల మీదికి మళ్లింది.

మూడో ఆనవాలు: బొంగురు కూత. గుడ్లు పెడుతున్న పెట్ట చివరికి దొరికింది. అది గొంతు పోయిన పుంజులా కూసేది. దాని వెనక దారి నుంచి నీళ్లలో కలిపిన పచ్చసొనలాంటి ద్రవం కారేది.

నాలుగో ఆనవాలు: నీటి తిత్తి. ఆ పెట్టను కోస్తే పిడికిలంత తిత్తి బయటపడింది, నిండా తేటనీరు. అది గుడ్డు దిగే గొట్టాన్ని నొక్కేస్తోంది. లా పెరోనీ ఈ సంగతిని 1710లో రాసి, పుంజును నిర్దోషిగా తేల్చాడు.

ఇక ముడి దానంతట అదే విడిపోతుంది. కోడిలో సాధారణంగా ఎడమవైపు అండాశయం, ఎడమవైపు గొట్టమే పనిచేస్తాయి. అండాశయం నుంచి జారిన పచ్చసొన గొట్టంలో తిరుగుతూ దిగుతుంటే, దాదాపు మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది, ఆపైన పొర, చివర ఇరవై గంటల పాటు పెంకు. మొత్తం ఒక రోజు పైచిలుకు పని. ఆ పెట్టలో తిత్తి ఒత్తిడికి సొన మధ్యదారిలో చితికి కారిపోయింది. మిగిలిన తెల్లసొనకే పెంకు పట్టింది. మరి పాము? మీ వంటింట్లో ఒక గుడ్డు సాసర్‌లో కొట్టి చూడండి. సొనకు అటూ ఇటూ మెలితిరిగిన తెల్లటి తాడు కనిపిస్తుంది. సొనను మధ్యలో నిలిపి ఉంచేది అదే. సొన పోయి తాడు మిగిలితే, భయపడ్డ కంటికి అదే పాము.

కూత సంగతికొస్తే, పెట్ట ఈకల తీరును నిలబెట్టేది అండాశయం ఇచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్. కణితి వల్లో జబ్బు వల్లో అండాశయం చెడితే ఒక్కోసారి ఈకల తీరు మారి, పెట్టకు జుట్టు పెరుగుతుంది, కాలి ముల్లు వస్తుంది, కూత మొదలవుతుంది. 1923లో ఎడింబరో శాస్త్రవేత్త క్రూ, గుడ్లు పెట్టిన ఒక పెట్ట పుంజుగా మారి రెండు పిల్లలకు తండ్రైన ఉదంతాన్ని నమోదు చేశాడు.

పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు ఈ ఆనవాళ్లనే చదువుకోవాలి. లేత పెట్ట తొలిరోజుల్లో సొన లేని గుడ్డు ఒకటి పెడితే కంగారొద్దు. పదేపదే పెడితే, పెంకు లేని తోలుగుడ్లు వరసగా వస్తుంటే లోపల ఏదో తేడా ఉన్నట్టు. తోక వాల్చి, నిటారుగా నిలబడి, ముక్కుతూ ఉంటే గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో పొట్ట దాకా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, చీకటిగా, వెచ్చగా ఉండే మూల వదలండి. పొట్ట పిసకొద్దు, గుడ్డు లోపల చితికితే ప్రాణం మీదికొస్తుంది. రోజు గడిచినా గుడ్డు దిగకపోతే, లేదా కోడి నీరసిస్తే పశువైద్యుడి దగ్గరికే. పొట్ట నీటిబుడగలా ఉబ్బితే తిత్తి కావచ్చు, సొన పొట్టలో పడి చీము పట్టిందీ కావచ్చు. సూదితో నీరు తీయడం వైద్యుడి పని. తీసినా అది తాత్కాలిక ఉపశమనమే, నీరు మళ్లీ చేరొచ్చు. మందు వాడితే ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సుమారు నాలుగు శాతం కాల్షియం ఉండాలి. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెడితే కావలసినంత అవే ఏరుకుంటాయి.

బాసెల్ కథలో ఒక ఆనవాలు మిగిలిపోయింది. ఆ పుంజు వయసు పదకొండేళ్లట. తలారి దాన్ని కోస్తే లోపల ఇంకో మూడు గుడ్లు దొరికాయని ఒక పాత వృత్తాంతం చెబుతోంది. అదే నిజమైతే ఆ రోజు కట్టెల మీద కాలింది పుంజు కాదు. గుడ్లు కడుపులోనే నిలిచిపోయి, పుంజు వేషం తొడుక్కున్న ఒక జబ్బు ముసలి పెట్ట.