విక్రాంత్ పైలట్ల బహాదురీ

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉందని మన ఏలూరు వైపు వాళ్ళకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అవి ర్యూజో అనే ఓడ మీద నుంచి లేచి వచ్చాయి. 29 ఏళ్ళ తర్వాత అదే బంగాళాఖాతంలో మన ఓడ విక్రాంత్ మీద నుంచి మన పైలట్లు లేచారు.

అప్పటికి విక్రాంత్ తబియత్ బాగాలేదు. నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలింది. ఓడ జోరుగా పోతేనే డెక్ మీద ఎదురుగాలి, ఆ గాలి ఉంటేనే విమానం తేలిగ్గా లేస్తుంది. వేగం తగ్గిన ఓడ మీద నుంచే సీహాక్ జెట్లు లేవాలి. దిగడం ఇంకా ముష్కిల్. కొల్లేట్లో గూడబాతు ఎంత దూరం నీళ్ళ మీద జారి ఆగుతుందో మీరు చూసే ఉంటారు. ఈ పైలట్లకు ఉన్నది సుమారు 700 అడుగుల డెక్, అదీ అలల మీద ఊగేది. విమానం తోక కింది కొక్కెం అడ్డంగా కట్టిన తీగను పట్టుకోవాలి. తప్పితే మళ్ళీ గాల్లోకి లేవాలి.

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ, విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ రేవు బయట మునిగింది. 90 మందికి పైగా చనిపోయారు. విక్రాంత్‌ను అంతకుముందే అండమాన్‌లో దాచారు. 4న పొద్దున సీహాక్‌లు కాక్స్ బజార్ మీద, తర్వాత చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. వాటి నాయకుడు సంతోష్ కుమార్ గుప్తాకు మహావీర్ చక్ర ఇచ్చారు.

అటు పశ్చిమ సముద్రం మీద 10న అశోక్ రాయ్, సిరోహి, విజయన్ ఆలిజే విమానంలో ఉన్నారు. అది సబ్‌మెరైన్లను వెదికే పంకా విమానం, నిదానం దాని స్వభావం. ధ్వనిని మించి పోయే స్టార్‌ఫైటర్ ఎదురైంది. ముగ్గురూ తిరిగి రాలేదు.

మన ఇళ్ళలో బుజుర్గులు ఈ జంగ్ మాట గొంతు తగ్గించి చెప్పేవారు. అవతల వాళ్ళవీ మన పేర్లే కదా! కానీ జుల్మ్ పడ్డ బెంగాలీల్లో ఎక్కువమంది కూడా కలిమా చదివేవాళ్ళే. 1970 ఎన్నికల్లో గెలిచినా వాళ్ళకు హుకూమత్ దక్కలేదు. 1971 మార్చిలో సొంత ఫౌజే వాళ్ళ మీద పడింది. లక్షల మంది మన దేశంలో పనాహ్ తీసుకున్నారు. జాలిమ్ ఎవరు, మజ్లూమ్ ఎవరు అని చూడమనే కదా మన దీన్ నేర్పింది?

డిసెంబర్ 4 వచ్చినప్పుడు పిల్లలకు ఈ కిస్సా చెప్పండి. గొంతు తగ్గించనక్కర్లేదు. ఘాజీలో పోయినవాళ్ళ అమ్మీల గురించి కూడా ఒక మాట చెప్పండి.