దాసుగారి ఫారసీ

మేం తెలుగులో రాస్తే కొందరికి ఇప్పటికీ వింతే. సాయిబులకి ఇంత తెలుగెలా వచ్చిందని మెచ్చుకుంటారు. ఆ మెప్పులోనే మమ్మల్ని గడప అవతల నిలబెడతారు. ఆదిభట్ల నారాయణదాసుగారిని మాత్రం, అగ్రహారం బ్రాహ్మడివి నీకు ఫారసీ ఎందుకయ్యా అని ఎవరన్నా నిలదీసినట్టు మేం వినలేదు.

దాసుగారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి హరికథ విని, ధ్రువచరిత్ర కట్టి, విజయనగరం వేణుగోపాలస్వామి గుడిలో తొలికథ చెప్పారు. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆ తర్వాత కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, ఊరూరా జనం. పాట ఆయనదే, ఆట ఆయనదే, మధ్యలో పిట్టకథలూ ఆయనవే. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల - అయిదింటితో అయిదు తాళాలు వేసేవారట. ఆనందగజపతి దర్బారులో ఆస్థాన విద్వాంసుడయ్యారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. 1936 దాకా ఉన్నారు.

ఇక్కడితో ఆపితే గోడకి తగిలించే పటం తయారవుతుంది. హరికథా పితామహుడు, దండేసి దణ్ణం పెట్టడమే. కానీ దాసుగారు తన కథ తనే రాసుకున్నారు. 'నా యెఱుక' ముప్పయ్యేళ్ళ వయసు దగ్గరే ఆగిపోతుంది గానీ, అంతవరకూ దాపరికం లేదు. కుర్రతనపు వ్యసనాలు, భోగంవారి ఇళ్ళ రాకపోకలు, ఏదీ కడిగి చూపలేదు. ఆయన భక్తులే తర్వాత కడిగారు. ఖయ్యాంకి మావాళ్ళు చేసిందీ దాదాపు ఇదే. ఆ మధువు మధువు కాదు, దైవప్రేమ అని సర్దిచెప్పారు. కావచ్చు. కాకపోయినా మాకు అభ్యంతరం లేదు.

సంస్కృతం, ఇంగ్లీషులతో పాటు దాసుగారు ఫారసీ, అరబీ నేర్చారు. 1859లో ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులోకి తెచ్చిన ఖయ్యాం ఆయనకి నచ్చలేదు. మూలానికి న్యాయం జరగలేదనిపించింది. ఆ సంగతి నిరూపించాలని ఫారసీ మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషునీ రెంటినీ సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. 1932లో పుస్తకం వచ్చేనాటికి ఆయనకు అరవయ్యెనిమిదేళ్ళు. లోకమంతా ఇంగ్లీషు కిటికీలోంచి ఖయ్యాంని చూస్తుంటే, ఈ ముసలాయన నేరుగా తలుపు తట్టారు.

అచ్చతెలుగు అన్నమాట కాస్త పట్టించుకోవాలి. అది సంస్కృతాన్ని కూడా బయట నిలబెట్టే తెలుగు. భాషాశుద్ధి పేరుతో ఉర్దూ మాటల్ని ఏరేసేవాళ్ళు సంస్కృతం జోలికి పోరు. దాసుగారు తెలుగుని శుభ్రం చేసుకున్నది ఖయ్యాంని ఇంట్లోకి పిలవడానికి. అయినా ఏరడం మొదలెడితే ఎక్కడ ఆగుతారు? ఆయన మెప్పు పొందిన దర్బారూ ఫారసీ మాటే, ఆ దర్బారు నడిపిన జమీందారూ ఫారసీ మాటే. పక్కనున్న శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించాడు. ఈ గడ్డకి ఫారసీ అంత పాత చుట్టం.

ఆ రోజుల్లోనే పిఠాపురంలో సూఫీ పీఠాధిపతి ఉమర్ ఆలీషా తెలుగు పద్యాలూ నాటకాలూ రాశారు, ఖయ్యాంని ఫారసీ నుంచే తెనిగించారు. సాయిబుకి తెలుగెలా వచ్చిందనేవాళ్ళకి మేం ముందు చెప్పే పేరు అదే. 1945 జనవరి 2న దాసుగారు పోయారు. అదే నెల 23న ఆలీషా పోయారు. ఆ ఇద్దరి ఖయ్యాంలనీ పక్కపక్కన పెట్టుకుని, మూలం చేతబట్టి చదవాలని మాకు ఎన్నాళ్ళనుంచో ఉంది.