ఎల్బ్రుసైట్: తోక తెగినా నిలిచిన పేరు

2010లో కాకసస్ పర్వతాల నుంచి ఒక కొత్త ఖనిజం ‘ఎల్బ్రుసైట్’ పేరుతో, చివర జిర్కోనియం అనే తోకతో శాస్త్రలోకానికి పరిచయమైంది. దొరికింది రష్యాలోని కబర్దినో-బల్కారియాలో, ఎగువ చెగెమ్ అగ్నిపర్వత ప్రాంతపు శిలల్లో. పేరు మాత్రం 5,642 మీటర్ల ఎల్బ్రుస్ శిఖరానిది. దొరకని చోటి పేరు తప్పుదారి పట్టించదా, గుణం చెప్పే పేరే మేలు కదా అని అడగవచ్చు. ఆక్షేపణ సబబే. కానీ గుణం చెప్పే పేరు ఎంత స్పష్టంగా ఉంటుందో, ఎంతకాలం నిలుస్తుందో కూడా చూడాలి. నవరత్నాల్లోని మన గోమేధికానికి రంగును బట్టి పేరొచ్చింది. అదే పేరుతో జిర్కాన్‌నూ పిలిచారు. రెండూ వేర్వేరు ఖనిజాలు.

నిజానికి గోమేధికమూ ఎల్బ్రుసైటూ గార్నెట్ అనే ఒకే ఖనిజ కుటుంబపు అల్లికకు చెందినవి. గోమేధికంలో నాలుగు ఆక్సిజన్ల నడుమ సిలికాన్ ఉంటే, ఎల్బ్రుసైట్‌లో ఆ చోట ఇనుము ఉంటుంది. సిలికాన్‌కు నాలుగు ధనావేశాలు, ఇనుముకు మూడే. ఆ లోటు తీర్చడానికి ఆరు ఆక్సిజన్ల నడుమ అల్యూమినియం స్థానంలోకి జిర్కోనియం, ఆరు ఆవేశాల యురేనియం చేరాయి. ఎంత చక్కని సర్దుబాటు! అయితే ఆ యురేనియం రేడియోధార్మికతే కాలక్రమంలో స్ఫటిక క్రమాన్ని చెదరగొడుతుంది. 2013లో గార్నెట్ల పేర్లను సవరించినప్పుడు జిర్కోనియం తోక కూడా తొలగిపోయింది. రసాయన సూచిక మూడేళ్లు నిలిచింది. కొండ పేరు నేటికీ ఉంది. యురేనియం పేరులోనూ గుణం లేదు: 1789లో రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ దానికి యురేనస్ గ్రహం పేరు పెట్టాడు.