పాడినందుకు, పాడనందుకు: కళాశాల క్రమశిక్షణ, విద్యార్థి మనస్సాక్షి – ఒక చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

వేదాంత కళాశాలలో చేరిన విద్యార్థి చేతికి మొదటి వారంలోనే ఒక నియమావళి అందుతుంది. ఉదయ ప్రార్థన ఎన్ని గంటలకు, భోజనశాలకు ఎలాంటి దుస్తుల్లో రావాలి, రాత్రి గేటు ఎప్పుడు మూస్తారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఉల్లంఘించిన వారిని కళాశాల నుండి తొలగిస్తామన్న హెచ్చరిక చివర ఉంటుంది. మనలో చాలామంది అలాంటి కాగితం మీద సంతకం చేసి చదువుకున్నవారమే. కొందరం ఇప్పుడు వార్డెన్లుగా, ప్రిన్సిపాళ్లుగా, సంఘ హాస్టళ్ల బాధ్యులుగా అలాంటి నియమాలను వ్రాస్తున్నాము కూడా.

నియమం లేకుండా పదిమంది కలిసి బ్రతకడం సాధ్యం కాదు. ఈ విషయంలో మాకు సందేహం లేదు. అయితే క్రమశిక్షణ పేరిట ఒక విద్యాసంస్థ విద్యార్థి జీవితంలోకి ఎంత దూరం రావచ్చు? వేళల వరకా, నడవడి వరకా, ప్రార్థనలో అతడు పలికే మాట వరకా? ఈ ప్రశ్నను హైదరాబాదులో 1938లో జరిగిన ఒక సంఘటన ఆధారంగా పరిశీలించి, దాని ప్రక్కన దాదాపు అర్ధశతాబ్దం తరువాత జరిగిన మరొక సంఘటనను నిలిపి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. స్థలం, సంస్థ

మూసీ ఉత్తర తీరాన అఫ్జల్‌గంజ్ ఉంది. ఉస్మానియా ఆసుపత్రి, ఒకప్పుడు ఆసఫియా గ్రంథాలయంగా పేరుపొందిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అక్కడే ఉన్నాయి. నయాపూల్ దాటి దక్షిణ తీరానికి వెళితే హైకోర్టు భవనం, దాని చేరువలో సిటీ కాలేజీ కనిపిస్తాయి. 1921లో కట్టిన ఆ భవనంలోని సిటీ కాలేజీ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. విశ్వవిద్యాలయం కూడా మొదట నగరం నడిబొడ్డునే ఉండేది. 1918లో స్థాపితమైన ఆ సంస్థ 1919లో నిజాం కళాశాల సమీపాన గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో తరగతులు ప్రారంభించి, 1930లలో అడిక్‌మెట్ ఆవరణకు తరలివెళ్లింది.

ఉస్మానియా సామాన్యమైన సంస్థ కాదు. ఇంగ్లీషు కాక ఒక భారతీయ భాషలో, అనగా ఉర్దూలో, ఉన్నత విద్య మొత్తాన్ని బోధించడానికి సాహసించిన విశ్వవిద్యాలయం అది. విద్యార్థుల నైతిక శిక్షణ కూడా దాని లక్ష్యాలలో ఒకటి. ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, ఇతరులకు నీతిశాస్త్రం పాఠ్యాంశాలుగా ఉండేవి. హాస్టలు జీవితాన్ని విద్యలో భాగంగా చూశారు. ఆ మాటకొస్తే దాని ఆశయం మన వేదాంత కళాశాలల ఆశయానికి దూరమైనది కాదు. సమాచారం నింపడంతో సరిపెట్టుకోక మనిషిని తీర్చిదిద్దాలన్నదే ఆ ఆశయం. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. శీలాన్ని తీర్చే పని చేపట్టిన సంస్థ, తాను ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం కష్టం.

3. ప్రార్థన గదిలో పాట

1938 సంవత్సరం నిజాం రాజ్యంలో ఉద్రిక్తమైన కాలం. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను అది ఏర్పడక ముందే సెప్టెంబరులో నిషేధించారు. అక్టోబరులో సత్యాగ్రహం మొదలైంది. ఆర్యసమాజం కూడా తన ఉద్యమాన్ని నడుపుతోంది. బహిరంగ సభ జరపాలంటే ముందుగా అనుమతి పొందవలసిన రోజులవి.

ఆ వాతావరణంలో ఉస్మానియా హాస్టళ్లలోని హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం పాడసాగారు. అధికారులు దానిని రాజకీయ గీతంగా పరిగణించి నవంబరులో నిషేధించారు. విద్యార్థులు ఒప్పుకోలేదు. అది తమ ప్రార్థనలో భాగమనీ, ప్రార్థనలో ఏది పాడాలో నిర్ణయించే అధికారం విశ్వవిద్యాలయానికి లేదనీ వారి వాదన. సమ్మె మొదలైంది. అది అడిక్‌మెట్ హాస్టళ్లలో ఆగలేదు. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీకీ, వరంగల్లుకూ, రాజ్యంలోని ఇతర పట్టణాలకూ ప్రాకింది. వందలాది విద్యార్థులను కళాశాలల నుండి తొలగించారు.

తొలగింపు అనే మాట వినడానికి చిన్నదే. నాటి తెలంగాణ గ్రామాల నుండి వచ్చిన కుర్రవాడికి పట్నంలో కళాశాల సీటు ఇంటిల్లిపాది ఆశ. తొలగించబడిన విద్యార్థిని చేర్చుకోవడానికి మరొక సంస్థ ముందుకు రావడం అరుదు. ఆ సమయంలో నాగపూరు విశ్వవిద్యాలయం, వైస్ ఛాన్సలర్ టి. జె. కేదార్ నాయకత్వంలో, వారికి తలుపు తెరిచింది. వరంగల్లులో చదువుతూ ఈ ఉద్యమంలో పాల్గొని బహిష్కృతుడైన వారిలో పి. వి. నరసింహారావు ఒకరు. ఆయన నాగపూరులో చదువు కొనసాగించారు. 1991లో ఆయనే భారత ప్రధాని అయ్యారు. అయితే తొలగించబడిన వారందరూ ప్రధానులు కాలేదు. చదువు చెడి ఊరికి తిరిగి వెళ్లినవారి పేర్లు చరిత్ర పుస్తకాల్లో వెదకినా దొరకవు. క్రమశిక్షణ చర్య బరువును తూచవలసింది వారి జీవితాలతోనే.

4. అధికారుల పక్షం

చరిత్ర విద్యార్థి ఒక పక్షాన్నే విని తీర్పు చెప్పకూడదు. అధికారుల నిర్ణయం వెనుక కారణం లేకపోలేదు. బంకించంద్రుని ‘ఆనందమఠం’ నవల ద్వారా ప్రసిద్ధమైన ఈ గీతంలోని తరువాతి చరణాలు మాతృభూమిని దేవతగా స్తుతిస్తాయి. ఏకదైవారాధకులైన ముస్లింలు చాలామంది అందుకు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాన్ని గుర్తించే 1937లో కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. రెండు మతాల విద్యార్థులు కలిసి ఉండే ఆవరణలో శాంతిని కాపాడడం అధికారుల బాధ్యతే.

అయితే శాంతిని కాపాడడానికి మార్గాలు అనేకం. పాట ఎక్కడ పాడవచ్చు, ఎంత గట్టిగా, ఏ వేళలో అనే విషయాలు చర్చించవచ్చు. ఇష్టం లేనివారిని అందులోకి లాగకూడదని కట్టడి చేయవచ్చు. ఇవన్నీ నడవడికి సంబంధించిన నియమాలు. కానీ ప్రార్థనకని కేటాయించిన గదిలో, ఎవరినీ బలవంతపెట్టకుండా పాడుకొనే పాటను నిషేధించి, మానని వారిని సంస్థ నుండే వెళ్లగొట్టినప్పుడు నియమం నడవడిని దాటి మనస్సాక్షి మీద చేయి వేసింది. మా దృష్టిలో తప్పు జరిగింది ఇక్కడే.

5. మన చేతులు శుభ్రమా?

ఈ కథను చదివి ఇతరులను మాత్రమే తప్పుపట్టడం మనకు తగదు. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ ప్రారంభించిన పాఠశాల మొదలుకొని మిషను విద్యాసంస్థలలో బైబిలు తరగతి విద్యార్థులందరికీ వర్తించడం సాధారణం. మిషనరీలు దానిని తమ సేవకు గుండెకాయ అనుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో, తమ పిల్లలను ఆ తరగతి నుండి మినహాయించే హక్కు కావాలని భారతీయ నాయకులు అడిగారు. మనస్సాక్షి నిబంధన పేరిట ఆ చర్చ చాలాకాలం సాగింది. మన సంస్థలలో కొన్ని ఆ కోరికను విశ్వాసంపై దాడిగా భావించాయి.

తరువాత భారత రాజ్యాంగం 28వ అధికరణం ఈ ప్రశ్నకు ఒక సమాధానమిచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయం పొందే సంస్థలో విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా, మతబోధలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనమని నిర్బంధించరాదు. మన పూర్వులు నష్టమనుకున్న ఈ నియమమే తరువాత క్రైస్తవ కుటుంబాల పిల్లలకూ రక్షణ అయింది.

6. పాడనందుకు తొలగింపు

1985 జూలైలో కేరళలోని ఒక ఉన్నత పాఠశాల నుండి ముగ్గురు తోబుట్టువులను తొలగించారు. వారు యెహోవా సాక్షుల శాఖకు చెందినవారు. ఉదయం జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు గానీ నోరు విప్పేవారు కాదు. వారు ఎలాంటి అగౌరవం చూపలేదని విచారణ జరిపినవారే చెప్పినా, విద్యాశాఖ అధికారి ఆదేశంతో వారిని పంపివేశారు. హైకోర్టులో వారికి ఊరట దొరకలేదు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టివేసి, పిల్లలను తిరిగి చేర్చుకోమని ఆదేశించింది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆయన తెలుగువారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఆ తీర్పులో మనకు ముఖ్యమైన అంశాలు రెండు. మొదటిది: ఒక నమ్మకం మనకు సమంజసంగా తోస్తుందా అన్నది ప్రశ్న కాదు, అది నిజాయితీగా, మనస్సాక్షిపూర్వకంగా ఉన్నదా అన్నదే ప్రశ్న. రెండవది: ప్రాథమిక హక్కుకు హద్దు గీయాలంటే చట్టం కావాలి, శాఖాపరమైన సర్క్యులర్ చాలదు.

యెహోవా సాక్షుల బోధను మన సంఘాలు అంగీకరించవు. జాతీయ గీతాన్ని మనం సంతోషంగా పాడతాము. అయినప్పటికీ ఆ పిల్లలకు దొరికిన న్యాయం మనది కూడా. మనతో ఏకీభవించేవారి మనస్సాక్షిని గౌరవించడానికి ఏ సుగుణమూ అక్కరలేదు.

7. లేఖనాల వెలుగులో

1938లో పాడినందుకు శిక్ష, 1985లో పాడనందుకు శిక్ష. ఈ రెండూ దానియేలు గ్రంథంలో ప్రక్కప్రక్కనే ఉన్నాయి. మూడవ అధ్యాయంలో వాద్యధ్వని వినగానే సాగిలపడని ముగ్గురు యువకులు అగ్నిగుండానికి వెళ్లారు. ఆరవ అధ్యాయంలో ప్రార్థన మానని దానియేలు సింహాల గుహకు వెళ్లాడు. ఒక శాసనం ఆరాధించమంది, మరొకటి ఆరాధించవద్దంది. రెండింటిలోనూ రాజు తనది కాని చోట అధికారం చేశాడు. ఆ నలుగురూ రాజాస్థానంలో క్రమశిక్షణ గల ఉద్యోగులని కూడా గమనించాలి. దానియేలు పనిలో తప్పు వెదికి దొరకకనే అతని ప్రార్థన మీద శాసనం తెచ్చారు.

రోమా పత్రిక 13వ అధ్యాయం అధికారానికి లోబడమంటే, 14వ అధ్యాయం సహోదరుని మనస్సాక్షికి అభ్యంతరం కలిగించవద్దంటుంది. మనం తరచుగా మొదటిదానిని విద్యార్థులకు వినిపించి, రెండవదానిని మనకు వినిపించుకోము.

8. ముగింపు

నియమావళిని వ్రాసేవారి ముందు మూడు ప్రశ్నలు ఉంచి ముగిస్తాము. ఈ నియమం నడవడికి సంబంధించినదా, మనస్సాక్షికి సంబంధించినదా? వేళ తప్పినవానిని మందలించవచ్చు గానీ, భాషల్లో ప్రార్థించలేదనో, ప్రార్థించాడనో విద్యార్థిని వెలివేయడం వేరే సంగతి. ఈ నియమం ఎవరు చేశారు, దాని కింద బ్రతికేవారి మాట విన్నారా? చివరిది, శిక్ష తరువాత తిరిగి వచ్చే దారి ఉందా? కొరింథు సంఘంలో శిక్ష పొందినవానిని క్షమించి ఆదరించమని పౌలు వ్రాసింది (2 కొరింథీ 2:6-8) శిక్ష అనవసరమని కాదు, అది మనిషిని మింగివేయకూడదని.

1938లో తొలగించబడిన విద్యార్థులకు తలుపు తెరిచినది వారి స్వంత విశ్వవిద్యాలయం కాదు, వందల మైళ్ల దూరాన ఉన్న మరొకటి. మన కళాశాల గేటు దాటి పెట్టె పట్టుకొని వెళ్లే విద్యార్థికి నాగపూరు ఎక్కడ ఉన్నదో, తొలగింపు కాగితం మీద సంతకం చేయకముందే మనం ఆలోచించాలి.