కాకినాడ డీప్ వాటర్ పోర్టు

ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడలో, వాకలపూడి వైపున ఉన్న లోతునీటి ఓడరేవు ఇది. 1997లో మొదలైంది. రేవు కొత్తదే గాని, దాని పుట్టుకకు కారణమైన గోదావరి ఒండ్రు కథ చాలా పాతది.

కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసే పేరున్న రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1789లోనూ 1839 నవంబరులోనూ తుపాను ఉప్పెనలు ఆ ఊరిని ఊడ్చేశాయి. కూలిన ఇళ్లను మళ్లీ కట్టుకోవచ్చు. నదీముఖం మేట వేసుకుపోతుంటే మాత్రం చేసేదేముంది? వ్యాపారం కాకినాడకు మళ్లింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ధాన్యం కాలువల మీదుగా పడవల్లో ఇక్కడికే చేరసాగింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తికి వచ్చిన గిరాకీ కూడా కలిసొచ్చింది.

కోరంగిని ముంచిన ఒండ్రే కాకినాడను కాచింది. గోదావరి తెచ్చిన ఇసుక కాకినాడ అఖాతానికి తూర్పున పొడవాటి దిబ్బగా పేరుకుంది. అదే హోప్ ఐలాండ్. బంగాళాఖాతపు అలల జోరు దాని దగ్గరే తగ్గుతుంది కాబట్టి ఓడలు లోపల నిలకడగా లంగరు వేసుకోగలవు. కానీ ఒడ్డు దగ్గర లోతు లేదు. అందుకే తరాల తరబడి ఓడ దూరాన ఆగేది, సరుకు బార్జీల్లో వెళ్లేది. లంగరు రేవు పద్ధతి అంటే ఇదే. సముద్రం బాగా లేని రోజు పని ఆగిపోయేది. ఒక్కో ఓడ నిండడానికి రోజులు పట్టేది.

ఆ ఇబ్బంది తప్పించడానికే రాష్ట్ర ప్రభుత్వం లోతునీటి రేవు కట్టించింది. డ్రెడ్జర్లతో ఇసుక తోడి ఓడలు వచ్చే దారిని లోతు చేయడంతో ఓడ నేరుగా బెర్తుకే వస్తుంది. 1999లో నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లింది. బొగ్గు, ఎరువులు, వంటనూనెల వంటి సరుకులతో పాటు కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ వెలికితీతకు సామగ్రి చేరవేసే నౌకలకూ ఇది స్థావరమైంది.

అయినా లంగరు రేవు మూతపడలేదు. ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యం బస్తాలు అక్కడ బార్జీల మీదే ఓడలకు చేరుతున్నాయి. బస్తాల సరుకుకు ఈ పాత పద్ధతి గిట్టుబాటుగానే ఉంది, వందలాది మంది కార్మికులకు బతుకుతెరువూ అదే.